చెల్లెలంత ఇసుక

అద్దె ఇల్లు చూడడానికి వచ్చినవాళ్ళెవరైనా ముందు కుళాయి తిప్పి చూస్తారు. ఆ తర్వాత కిటికీ తెరిచి గాలి వస్తుందో లేదో చూస్తారు. కొక్కెం మాత్రం గుమ్మంలోనే నిలబడి, తల వెనక్కి వాల్చి పైకప్పు చూసింది. పదమూడడుగుల ఎత్తు. ఒకప్పుడు దూది నిలవ చేసిన గోదాముట అది, మధ్యలో గోడలు లేపి ఇళ్ళు చేశారు. పైకప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడకి ఇనప గర్డరు ఒకటి పోతోంది.

"ఈ గర్డరు గట్టిదేనా పిన్నిగారూ?" అని అడిగింది.

ఇంటావిడ ముప్ఫై ఏళ్ళుగా ఇళ్ళు అద్దెకిస్తోంది గానీ, ఆ ప్రశ్న మటుకు ఎవరూ అడిగిన పాపాన పోలేదు. "దూది బేళ్ళు వేలాడదీసేవాళ్ళట. నీకెందుకమ్మా?" అంది. "ఊరికే" అంది కొక్కెం. ఊరికేనే. ఆ తర్వాత ఆరేళ్ళూ ఆ గర్డరుకి ఒక ఫ్యాను తప్ప ఇంకేమీ వేలాడలేదు. కాకపోతే మంచం మీద వెల్లకిలా పడుకున్నప్పుడల్లా చూపు పోయి దాని మీదే ఆగేది. కొందరికి ఇంట్లో దేవుడి పటం ఉంటుంది, ఈమెకి గర్డరు ఉంది.

కొక్కెం అనేది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. సర్కస్‌లో జోకరు పెట్టాడు. గాల్లో ఎగిరే చెల్లెల్ని పిచ్చుక అన్నాడు. ఎదుటి ఊయలకి మోకాళ్ళు తగిలించి, తలకిందులుగా వేలాడుతూ ఆ పిచ్చుకని అందుకునే అక్కని కొక్కెం అన్నాడు. పేర్లు పంచేటప్పుడు కూడా అందమంతా దానికే ఇచ్చాడని మొదట్లో అలిగింది. ఆ తర్వాత పేరు ఒంటికి పట్టేసింది. పదిహేనేళ్ళు, రోజుకి రెండు ఆటలు, సెలవు రోజైతే మూడు. ఆ లెక్కన చెల్లెల్ని ఎన్నిసార్లు పట్టుకుందో ఎవరైనా కూర్చుని గుణిస్తే తేలుతుంది గానీ, ఆమె ఎప్పుడూ గుణించలేదు.

ఆ పనికి రెండే రెండు సూత్రాలు. ఒకటి, ఎగిరేవాళ్ళు పట్టుకోకూడదు. వేళ్ళు చాచి చేతులు ఇవ్వాలి, అంతే. అందుకోవడమూ, మణికట్టు బిగించడమూ పట్టేవాళ్ళ పని. వదలడం కూడా వాళ్ళ పనే. ఎగిరేవాళ్ళు భయపడి తామే పట్టుకోబోయినా, తొందరపడి తామే వదిలినా వేళ్ళు విరుగుతాయి. రెండోది, పట్టు అనేది దాచుకోవడానికి కాదు. ఇటు ఒక ఊపు, అటు ఒక ఊపు, మూడు లెక్కపెట్టేలోగా పిల్లని తిరిగి దాని ఊయల మీదికి విసిరెయ్యాలి. జనం చప్పట్లు కొట్టేది పట్టుకున్నప్పుడు. అసలు పనితనమంతా పంపించడంలో ఉంది.

ఆరేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆటలో, పిచ్చుకని విసిరిన మరుక్షణం కొక్కెం కుడిభుజంలో ఏదో టక్కుమంది. విసరడం మాత్రం సరిగ్గానే విసిరింది. పిచ్చుక వెళ్ళి తన ఊయలకి అందింది, జనం చప్పట్లు కొట్టారు, కొక్కెం ఎడమచేత్తో నిచ్చెన పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. మళ్ళీ ఎక్కలేదు. ఆపరేషన్ చేసిన డాక్టరు, "ఇల్లు ఊడ్చుకోవచ్చు, వంట చేసుకోవచ్చు, మనుషుల్ని పట్టుకోవడం మాత్రం కుదరదు" అని చెప్పేశాడు. ఆ రోజు పట్టుకున్నది ఆఖరుసారి అని ముందే ఎవరైనా చెప్పి ఉంటే, ఇంకొక్క లెక్క ఆగి విసిరేది. ఆ ఒక్క లెక్క కోసమే ఆరేళ్ళుగా ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. ఎవరితోనూ అనలేదు. అన్నా అదేం కోరిక అని నవ్వుతారు.

ఇప్పుడామె పరుపులు కుట్టే షెడ్డులో పని చేస్తోంది. ఎనిమిది గంటలు మిషను ముందు కూర్చుని పరుపుల అంచులు కుడుతుంది. చెల్లెలు సర్కస్‌లోనే ఉండిపోయింది. దానికి పట్టేవాడు ఇంకొకడు వచ్చాడు. ఆయన వచ్చి ఆరేళ్ళయినా కొక్కేనికి ఇంకా కొత్తాయనే.

"కొత్తాయన ఎలా పడుతున్నాడే?" అని ప్రతి ఆదివారం ఫోన్లో అడుగుతుంది.

"బాగానే పడతాడక్కా" అంటుంది పిచ్చుక.

ఆ "బాగానే" విన్న ప్రతిసారీ కొక్కెం మనసు చివుక్కుమంటుంది. బాగా పట్టకపోతే చెల్లెలు కిందపడుతుంది, అది ఆమెకి తెలియక కాదు. ఆయన చల్లగా ఉండాలని నిజంగానే కోరుకుంటుంది. అయినా ఆ మణికట్లు తనవి అనిపిస్తుంది. తన వస్తువు ఎరువిచ్చి, వాళ్ళు దాన్ని బాగానే వాడుకుంటున్నారని వినడంలా ఉంటుంది ఆ సంగతి.

ఆ ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఆదివారం పిచ్చుక రెండు కబుర్లు చెప్పింది. ఒకటి, నాలుగు నెలల తర్వాత వాళ్ళ సర్కస్ ఈ దారినే పోతుంది, మధ్యలో ఒక్క రోజు ఖాళీ, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోతుంది. రెండోది, ఈ ఏటితో తనూ ఊయల దిగిపోతోంది. వాళ్ళాయనకి ఎక్కడో చాలా దూరంలో పని దొరికింది, ఇద్దరూ వెళ్ళిపోతారు.

"మోకాళ్ళు మాట వినడం లేదక్కా. ముప్ఫై ఆరు దాటాయి మరి. ఇంక నేను పిచ్చుకనేంటి, బాతుని" అని నవ్వింది.

కొక్కెం కూడా నవ్వింది. ఫోను పెట్టేసి మంచం మీద వెల్లకిలా పడుకుంది. చూపు పోయి గర్డరు మీద ఆగింది. ఈసారి ఊరికే ఆగలేదు.

మర్నాడు షెడ్డు నుంచి వస్తూ వస్తూ గేట్లు చేసే వెల్డరు దగ్గరికి వెళ్ళింది. ముసలాయన, నోట్లో పుల్ల, నుదుటి మీదికి తోసిన నల్లద్దాలు. తనకో కడ్డీ కావాలంది.

"ఎంత లావుండాలమ్మా?"

"పట్టుకుంటే బొటనవేలు చూపుడువేలిని తాకీ తాకకుండా ఉండాలి బాబాయ్."

"జనం అడుగులూ అంగుళాలూ చెప్తారు. నువ్వు వేళ్ళు చెప్తున్నావు" అన్నాడాయన. కానీ మంచివాడే. పాత పైపు ముక్కలన్నీ కుప్పపోసి, ఒక్కొక్కటీ ఆమె చేతిలో పెట్టాడు. ఏడో ముక్క దగ్గర ఆమె కళ్ళు మూసుకుని, ఇదే అంది. ఆయన దాన్ని కొలిచి, నవ్వుకుని, గోడ మీద సుద్దతో రాసుకున్నాడు.

గర్డరుకి బెజ్జాలు పెట్టనివ్వలేదు. బెజ్జం పెడితే ఇనుము బలం తగ్గుతుందని సర్కస్‌లో తాళ్ళు కట్టే పెద్దాయన చెప్పేవాడు. అందుకని గర్డరుని రెండు వైపులా కరిచి పట్టే బిగింపులు చేయించింది. వాటి నుంచి దిగిన రెండు నిలువు కడ్డీల మధ్య, పదకొండడుగుల ఎత్తున పై కడ్డీ. దాని కింద, చెయ్యెత్తితే అందే ఎత్తులో ఇంకో కడ్డీ, అక్కర్లేనప్పుడు ఊడదీసి గోడకి ఆనించుకునేట్టు. పక్కగోడకి నేల నుంచి పైదాకా చెక్క నిచ్చెన మెట్లు. అవి పై కడ్డీ ఎక్కడానికీ పనికొస్తాయి, కాళ్ళు ఇరికించి పొట్ట కండలకి పని చెప్పడానికీ పనికొస్తాయి. ఉన్న గదే అది. మంచం మూలకి జరిగింది, బీరువా వంటగదిలోకి వెళ్ళింది.

నేల పరుపు తనే కుట్టుకుంది. షెడ్డులో మిగిలిపోయిన స్పాంజి ముక్కలకి కరువా? కాకపోతే మొదటిసారి బాగుంటుంది కదా అని అంతా మెత్తటిదే వేసింది. కడ్డీ మీంచి దిగగానే కాలు పిక్కదాకా కూరుకుపోయి చీలమండ మడతపడింది. పరుపులు కుట్టే మనిషి పరుపు మీదే కాలు మెలిపెట్టుకుందంటే షెడ్డంతా పడీ పడీ నవ్వింది. మళ్ళీ విప్పి, అడుగున గట్టి స్పాంజి, పైన రెండు వేళ్ళ మందాన మెత్తటిది వేసి, మందపాటి గుడ్డతో కుట్టింది.

రెండు చెక్క రింగులు, వాటికి బకిల్సున్న పొడుగాటి పట్టీలు. రెండు పట్టీలూ సమానంగా లేకపోతే భుజం మళ్ళీ మొదటికొస్తుందని, జానెడుకొకటి చొప్పున రెండింటి మీదా ఎర్రదారంతో గుర్తులు కుట్టుకుంది. ఆ రింగులతో ఆమెకి ఎంత స్నేహం కుదిరిందంటే, వేరే సామానుతో పనే లేకపోయింది. ఛాతీ ఎత్తుకి దించితే వెనక్కి వాలి ఒంటిని లాక్కోవచ్చు. నేలకి జానెడెత్తున పెడితే వాటి మీద చేతులానించి దండీలు తియ్యొచ్చు. తల మీదికి లేపితే వేలాడొచ్చు. మణికట్టు నొప్పెట్టిన రోజున నేల మీద పెట్టుకునే పొట్టి చెక్క పిడుల జత ఒకటుంది. ఇవి కాక కడ్డీకి తగిలించి మోకాలి కింద వేసుకునే రబ్బరు పట్టీలు మూడు. లావుది సగం బరువు మోస్తుంది, సన్నది పావు, ఇంకా సన్నది మోస్తున్నట్టు నటిస్తుంది.

ఇంత సరంజామా చూసి కింది నుంచి ఇంటావిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. రింగులు చూసింది, కడ్డీలు చూసింది, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"నలభై నాలుగేళ్ళొచ్చాక ఇదేం బుద్ధమ్మా?"

"నాలుగు నెలల్లో మా చెల్లెలొస్తోంది పిన్నిగారూ."

"చెల్లెలొస్తే జనం దుప్పటి కొంటారు" అంది ఆవిడ. అన్న మనిషి వెళ్ళిందా అంటే వెళ్ళలేదు. కింది కడ్డీని రెండు చేతులా పట్టుకుని, మోకాళ్ళు కాస్త వంచి వేలాడింది. వెన్నులో ఏదో కిర్రుమంది. "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అని, అప్పట్నుంచి రోజూ సాయంత్రం వచ్చి కాసేపు వేలాడి పోవడం మొదలుపెట్టింది.

మొదటి నెల లావు రబ్బరు పట్టీతో వేలాడడమే సరిపోయింది. పది లెక్క. మర్నాడు పన్నెండు. భుజం ఒక రోజు సరే అనేది, ఒక రోజు మొహం తిప్పుకునేది. ఆసుపత్రిలో భుజానికి కసరత్తులు చెప్పే ఫిజియో అమ్మాయి ఒక కాగితం రాసిచ్చి తొందరపడొద్దని మూడుసార్లు చెప్పింది. కొక్కెం తొందరపడలేదు. పదిహేనేళ్ళు ఇంకొకరి ప్రాణం చేతుల్లో పెట్టుకున్న మనిషికి ఓపిక ఎవరూ నేర్పక్కర్లేదు. రెండో నెలలో సన్న పట్టీకి వచ్చింది, ఆ తర్వాత పట్టీ లేకుండా గడ్డం కడ్డీ దాటించింది. ఆ రోజు షెడ్డులో అందరికీ టీ ఇప్పించింది, ఎందుకని అడిగితే చెప్పలేదు. మూడో నెల మొదట్లో నిచ్చెన మెట్లెక్కి పై కడ్డీకి మోకాళ్ళు తగిలించి, ఆరేళ్ళ తర్వాత మళ్ళీ తలకిందులైంది. రక్తమంతా మొహంలోకి దిగింది. మంచం, కుర్చీ, గుమ్మం అన్నీ తిరగబడ్డాయి. చేతులు కిందికి జారవిడిచి చూస్తే, ఆ చేతుల కింద ఎవరూ లేరు. అప్పుడు కాస్త ఏడ్చింది. తలకిందులుగా ఏడిస్తే కన్నీళ్ళు నుదుటి మీదుగా జుట్టులోకి పోతాయి.

వేలాడడం వచ్చింది సరే, బరువు మొయ్యాలి కదా. మందపాటి గుడ్డతో ఒక సంచీ కుట్టింది. దాని పైన రెండు చేతుల్లాంటి పట్టీలు, సరిగ్గా పిచ్చుక మణికట్టంత లావు. ఆ లావు కోసం కొలత అక్కర్లేదు, తన పిడికిలే కొలత. ఇక ఇసుక పొయ్యాలి. షెడ్డులో స్పాంజి తూచే కాటా ఉంది, పట్టుకెళ్ళి తూచుకోమన్నాడు మేస్త్రీ. కాటా ఎందుకు, నా చేతులకి తెలియదా అంది. చెల్లెలు ఎంత తూగుతుందో ఏ కాటా ఎప్పుడు చెప్పింది గనక? బల్ల మీద సంచీ నిలబెట్టి, తను కుర్చీ ఎక్కి వంగి, పట్టీలు పట్టుకుని పైకి లాగి చూసేది. ఇంకా లేదు. ఇంకో డబ్బా ఇసుక. ఇంకా లేదు. ఇంకో డబ్బా. చివరికి ఒక సాయంత్రం, పట్టీలు లాగినప్పుడు మణికట్ల దగ్గర మొదలై మోచేతుల్లోంచి భుజాల్లోకి పాకి, మెడ వెనక కలుసుకున్న ఆ లాగుడు, అదే, అచ్చంగా అదే. చేతులు గుర్తుపట్టేశాయి. ఆమె సంచీని అలాగే పట్టుకుని కాసేపు నిలబడి, "వచ్చావా" అంది.

ఇక మిగిలింది ఒక్కటే. పై కడ్డీకి తలకిందులుగా వేలాడి, బల్ల మీదున్న ఆ సంచీని పట్టీలతో పట్టి, వేలెడెత్తు లేపి, ఇరవై లెక్కపెట్టాలి. అది చేయగలిగితే చెల్లెలు వచ్చిన రోజున దాన్ని అడగొచ్చు. చెయ్యలేకపోతే అడక్కూడదు. పట్టలేని మనిషి చేతులు చాపకూడదు, అది ఆ పనిలో అందరికీ తెలిసిన మర్యాద.

సంచీ లేవలేదు. మొదటి వారం లేవలేదు, రెండో వారం లేవలేదు. బల్ల మీంచి ఒక అంచు కొద్దిగా ఎత్తుకునేది, అంతలో భుజం వణికి, సంచీ దబ్బున కూలబడేది. ఆ చప్పుడికి కింద ఇంటావిడ చీపురుకర్రతో పైకప్పు కొట్టేది. కొక్కెం రింగుల మీద ఇంకో వరస ఎక్కువ చేసింది, దండీలు ఎక్కువ తీసింది, కడ్డీకి వేలాడి చేతులు మొద్దుబారేదాకా ఉండిపోయింది. ఒళ్ళు గట్టిపడింది. భుజాలు మళ్ళీ జాకెట్టు కుట్లలో పట్టకుండా పెరిగాయి. సంచీ మాత్రం కదల్లేదు. కాసింత ఇసుక తీసేస్తే లేస్తుందేమోనని ఒకసారి మూతి విప్పింది కూడా. డబ్బా లోపలికి పెట్టి, మళ్ళీ బయటికి తీసేసింది. చెల్లెల్ని తగ్గించుకుని మొయ్యడం మోయడమవుతుందా?

నాలుగో నెల ఆఖరి ఆదివారం, చెల్లెలు రావడానికి రెండు రోజులుందనగా, మెట్ల మీద కూర్చుని ఇంటావిడతో అంది, "నా చేతుల్లో సత్తువ పోయింది పిన్నిగారూ. దాన్ని పట్టిన చేతులు కావివి."

ఇంటావిడకి సగమే అర్థమైంది. "టీ తాగు" అంది.

ఆ సాయంత్రం కొక్కెం ఉతికిన చీరలన్నీ తెచ్చి పై కడ్డీ మీదా, కింది కడ్డీ మీదా ఆరేసింది. రింగులకి చేతిసంచులు తగిలించింది. ఇసుక సంచీని మూలకి జరిపి దాని మీద దుప్పటి కప్పింది. బట్టలారేసుకునే గది అనుకుంటే చాలు.

మంగళవారం పొద్దున పిచ్చుక తొమ్మిదింటికల్లా వచ్చేసింది. పొట్టిగా, సన్నగా, జుట్టులో అక్కడక్కడ తెలుపు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ఇద్దరూ ఒకరి మణికట్లు ఒకరు పట్టుకున్నారు. వాళ్ళకి కౌగిలింతలు అలవాటు లేదు, ఎప్పుడు కలిసినా అదే పద్ధతి. పట్టుకుని, పిచ్చుక నెమ్మదిగా అక్క అరచేతులు తిరగేసి చూసింది. వేళ్ళ మొదళ్ళలో పచ్చిగా, పసుపుపచ్చగా కాయలు. పరుపులు కుడితే అక్కడ కాయలు కాయవు.

"ఎప్పట్నుంచి?" అంది.

"ఏంటి ఎప్పట్నుంచి?"

పిచ్చుక సమాధానం కోసం ఆగలేదు. లోపలికొచ్చి, తల వెనక్కి వాల్చి పైకి చూసింది. అక్క లాగే. ఒక చీర లాగింది, ఇంకోటి లాగింది. పై కడ్డీ బయటపడింది, మోకాళ్ళు తగిలించే చోట అరిగి మెరుస్తోంది. రింగుల్లోంచి చేతిసంచులు తీసి, పట్టీల మీది ఎర్రదారం గుర్తులు వేలితో తడిమింది. గబగబా నిచ్చెన మెట్లు నాలుగెక్కి దిగింది. కింది కడ్డీని పట్టుకుని, "ఇది మన ఊయల కడ్డీ లావే కదక్కా" అంది. కొక్కెం చీరలు మడతపెడుతోంది. మడతపెట్టినవే మళ్ళీ మడతపెడుతోంది.

"మరి ఆ మూల దుప్పటి కింద?"

"ఏం లేదు. ఇసుక."

"ఎంత?"

"నీ అంత."

పిచ్చుక దుప్పటి తీసి, పట్టీలు రెండూ చూసి, తన మణికట్టు పక్కన పెట్టి చూసుకుంది. తర్వాత రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి సంచీని లేపబోయింది. సంచీ ఇంచు కదల్లేదు. మళ్ళీ లేపబోయి, మొహం ఎర్రబడి, అక్కడే కూలబడి పగలబడి నవ్వింది.

"నేనింత లేనక్కా. నన్ను ఇద్దర్ని కుట్టేశావు."

"కాటాతో చూళ్ళేదు. చేతులకి తెలుసు."

"నీ చేతులకి వయసైపోయింది."

అది నవ్వుకుంటూ అన్న మాటే. కానీ కొక్కేనికి అది తగలాల్సిన చోట తగిలింది. చీర పక్కన పెట్టి, ఇంక దాచలేక చెప్పేసింది. "అవునే. నాలుగు నెలలు చచ్చీచెడీ చేశాను. నిన్ను ఒక్కసారి పట్టుకోవాలని. ఆ రోజు అదే ఆఖరు అని తెలీక విసిరేశాను కదా. నువ్వు ఊయల దిగేలోగా ఒక్కసారి. కానీ ఇది లేవడం లేదు. అందుకని నిన్ను అడగదల్చుకోలేదు. చీరలు ఆరేశాను."

వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అది అవ్వడం లేదు. పిచ్చుక లేచి, వచ్చి పరుపు మధ్యలో నిలబడింది.

"ఎక్కు" అంది.

"భుజం జారితే?"

"జారితే జానెడెత్తు నుంచి నువ్వు కుట్టిన పరుపు మీద పడతా. నలభై అడుగుల నుంచి పడతానేమోనని భయపడలేదు నేను, నువ్వున్నావని. ఎక్కక్కా."

కొక్కెం కింది కడ్డీ ఊడదీసి గోడకి ఆనించి, అరచేతులకి సుద్దపొడి రాసుకుంది. నిచ్చెన మెట్లెక్కింది. పై కడ్డీకి మోకాళ్ళు తగిలించి, వెనక్కి వాలి, నెమ్మదిగా తలకిందులైంది. చేతులు కిందికి జారాయి. ఈసారి వాటి కింద చెల్లెలి మొహం ఉంది, తిరగబడి. ఆ మొహాన్ని ఆమె ఎప్పుడూ ఇలాగే చూసేది. నిలువుగా చూసినప్పటి కంటే ఇలా చూస్తేనే తన చెల్లెల్లా ఉంది.

పిచ్చుక మునివేళ్ళ మీద లేచి, వేళ్ళు చాచి, చేతులు ఇచ్చింది. పట్టుకోలేదు, ఇచ్చింది అంతే. కొక్కెం వాటిని అందుకుంది. మణికట్టు మీద మణికట్టు బిగిసింది. ఆ ఎముక అక్కడే ఉంది, ఆ నరం అక్కడే కొట్టుకుంటోంది. కొక్కెం కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, నాలుగు నెలల సత్తువంతా భుజాల్లోకి తెచ్చుకుంది. రాబోయే ఆ బరువు కోసం సిద్ధపడింది.

"ఊఁ, వదులు. కాళ్ళు నేల మీంచి తీసెయ్."

"తీసేశా."

"తియ్యలేదు. మునివేళ్ళ మీద నిలబడ్డావు. నాకు తెలీదా? తియ్యవే."

"తీసేశానక్కా. చూడు."

కొక్కెం కళ్ళు తెరిచింది. చెల్లెలు మోకాళ్ళు మడిచి ఉంది. దాని పాదాలు పరుపుకి జానెడెత్తున, గాల్లో ఉన్నాయి. మనిషి మొత్తం తన చేతుల్లో ఉంది. భుజం వణకలేదు. ఏదీ టక్కుమనలేదు. ఇసుక సంచీ బరువులో సగం కూడా లేదు.

"ఇదేంటే" అంది. "ఇంత తేలికేంటి? తిండి తినడం లేదా? నువ్వెప్పుడూ ఇంత లేవు. నా చేతులకి తెలుసు."

పిచ్చుక కింది నుంచి అక్క మొహంలోకి చూస్తోంది. అక్క కన్నీళ్ళు నుదుటి మీదుగా జుట్టులోకి పోతూ, ఒకటి జారి తన బుగ్గ మీద పడింది.

"ఎప్పుడూ ఇంతే ఉన్నానక్కా" అంది. "నేను అంత దూరం నుంచి ఎగిరొచ్చి నీ చేతుల్లో పడేదాన్ని. ఆ విసురంతా నువ్వు మోసేదానివి. ఆగి ఉన్న నన్ను నువ్వెప్పుడు పట్టుకున్నావు?"

కొక్కెం ఆలోచించింది. పదిహేనేళ్ళు, రోజుకి రెండు ఆటలు. ఒక్కసారి కూడా లేదు.

లెక్క మొదలుపెట్టడం మర్చిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. ఒకటి అంది. రెండు అంది. మూడు దగ్గర చేతులు వాటంతటవే చెల్లెల్ని ముందుకి ఊపబోయాయి, పాత అలవాటు. ఆపుకుంది. నాలుగు అంది. నాలుగు ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు, ఎప్పుడూ అంతదాకా రాలేదు. అయిదు, ఆరు, ఏడు. వీధిలో బండి స్టార్టయి వెళ్ళిపోయింది. కింది నుంచి ఇంటావిడ, "ఏమ్మా, మీ చెల్లెలొచ్చిందా?" అని కేకేసింది. పద్నాలుగు, పదిహేను.

ఇరవై వచ్చింది. ఇరవై దాటింది. సాయంత్రం పిచ్చుక ప్రయాణం ఉంది, ఈ లోపల వంట చెయ్యాలి, దానితో మాట్లాడాల్సినవి ఆరేళ్ళవి ఉన్నాయి. ముప్ఫై దాటాక కొక్కెం పైకి లెక్కపెట్టడం మానేసింది. పిచ్చుక చేతుల్లో వేళ్ళు చాచినవి చాచినట్టే ఉన్నాయి. ఇంక చాలక్కా అని అది అనలేదు. వదలాల్సింది పట్టుకున్నవాళ్ళే.